బ్యూగుల్ మీద అంత బెంగ ఎందుకు?

చిన్నప్పుడు డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్ అనే కవాతు బృందంలో వాయించి ఇప్పుడు డెబ్బై దాటిన అమెరికన్లు నలుగురు ఒకచోట కలిశారంటే, మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి ఒక్క దగ్గరికే వస్తుంది: ఆ పాత జీ బ్యూగుళ్ల (జీ శ్రుతిలో పలికే, సైన్యంలో ఊదే బాకా లాంటి వాద్యాల) మోత ఇప్పుడు ఎక్కడుంది? ఇప్పటి కోర్‌లు మైకులు పెడుతున్నాయి, సింథసైజర్లు పెడుతున్నాయి, అది మా కోర్ కాదు అంటారు వాళ్లు. ఇప్పటి కుర్రవాళ్లేమో 1960ల రికార్డింగులు విని, శ్రుతే సరిగ్గా కలవలేదు కదా అంటారు. రెండు మాటలూ నిజమే. కానీ ఈ వాదన ఎప్పుడూ వాద్యాల చుట్టూ, రూల్స్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది గానీ, ఆ పెద్దవాళ్లు పోగొట్టుకున్నది అసలు అది కాదు. సంగీతం ఓనమాలు కూడా రాని పిల్లాడిని వీధిలోంచి పిలిచి, చేతిలో ఒక బ్యూగుల్ పెట్టి, వరసలో నిలబెట్టిన ఒక ఏర్పాటు ఉండేది. పోయింది ఆ ఏర్పాటు. మోత గురించి బాధపడుతున్నట్టు కనిపించినా వాళ్లు బాధపడేది దాని గురించే.

డ్రమ్ కోర్ గురించి వినని వాళ్లకు రెండు ముక్కలు. ఇందులో ఇత్తడి ఊదుడు వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, ముఖ్యంగా ఇవే ఉంటాయి. క్లారినెట్, శాక్సఫోన్, ఫ్లూట్ లాంటివి ఈ సంప్రదాయంలో మొదటి నుంచీ లేవు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మీద నడుస్తూ, ఆకారాలు కడుతూ, మధ్యలో ఎక్కడా ఆగిపోకుండా ఓ పది పన్నెండు నిమిషాల ప్రదర్శన ఇవ్వాలి, దానికి మార్కులు వేస్తారు. మన దగ్గర ఎన్‌సీసీ పరేడ్‌లోనో పోలీసు గ్రౌండ్‌లోనో బ్యూగుల్ విన్నవాళ్లకు ఆ కంఠం తెలుసు. అలాంటివి అరవై ఒక్కసారిగా, పూర్తి బలంతో స్టేడియం వైపు తిరిగి ఊదితే ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

ఇదంతా మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో మొదలైంది. వాళ్లు 1919లో అమెరికన్ లీజియన్ అనే సంఘం పెట్టుకున్నారు, వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ (వీఎఫ్‌డబ్ల్యూ) అనే మాజీ సైనికుల సంఘం అప్పటికే ఉంది. ఈ సంఘాల శాఖలు ఊరూరా ఉండేవి, సైన్యానికి అక్కర్లేని బ్యూగుళ్లు, డ్రమ్ములు చవగ్గా దొరికేవి, కవాతు చేయడం అందరికీ వచ్చిందే. 1921 నుంచే లీజియన్ జాతీయ స్థాయి పోటీలు పెట్టింది. మొదట మాజీ సైనికులే వాయించేవారు, తర్వాత వాళ్ల పిల్లల కోసం జూనియర్ కోర్‌లు వచ్చాయి, ఆ వెంటనే క్యాథలిక్ చర్చిలు, బాయ్ స్కౌట్ దళాలు కూడా అందుకున్నాయి. న్యూజెర్సీలోని గార్ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో హోలీ నేమ్ చర్చి 1934లో పెట్టిన కోర్ తర్వాతి రోజుల్లో గార్ఫీల్డ్ కేడెట్స్‌గా దేశమంతా మోగింది. విస్కాన్సిన్‌లో మాడిసన్ స్కౌట్స్ 1938లో, షికాగోలో డాన్ వారెన్ అనే కుర్రాడు తన స్కౌట్ దళంతో మొదలుపెట్టిన కావలియర్స్ 1948లో పుట్టాయి. 1957లో జిమ్ జోన్స్ వయోమింగ్‌లోని కాస్పర్‌లో ట్రూపర్స్‌ని పెట్టాడు. చుట్టూ వందల మైళ్లు గడ్డి మైదానాలు తప్ప ఏమీ లేని ఆ ఊరి పిల్లలకు పాతకాలపు అశ్వికదళం నీలం యూనిఫాం వేసి, మైదానం మధ్యలో సూర్యకిరణాల్లా విచ్చుకునే ఒక ఆకారం నేర్పాడు. ఆ సన్‌బర్స్ట్ వచ్చిందంటే స్టేడియం లేచి నిలబడేది.

ఇక్కడ ఆ బ్యూగుల్‌ని కాస్త దగ్గరగా చూడాలి, కథంతా దానిలోనే ఉంది.

మామూలు బ్యూగుల్‌కి వాల్వులు, అంటే స్వరం మార్చే మీటలు, ఉండవు. ఒకటే గొట్టం, పెదాల బిగువు మార్చుకుంటూ ఊదితే పలికేవి అయిదారు స్వరాలు. వాటితో సైన్యంలో పొద్దున్నే లేపొచ్చు, భోజనానికి పిలవొచ్చు గానీ పాట వాయించడం కష్టం. అందుకని ఒక పిస్టన్ వచ్చింది. నొక్కితే గొట్టం పొడుగై మొత్తం శ్రుతి జీ నుంచి డీకి దిగుతుంది, దాంతో ఇంకొన్ని స్వరాలు దొరికాయి. ట్రంపెట్‌కి ఉన్నట్టు నిలువుగా కాకుండా ఆ పిస్టన్‌ని అడ్డంగా పెట్టారు, బొటనవేలితో నొక్కేలా. దూరం నుంచి చూస్తే అది ఇంకా వాల్వుల్లేని సైనిక బ్యూగుల్ లాగే కనిపించేది. ఆ తర్వాత ట్యూనింగ్ స్లైడ్ దగ్గర ఒక రోటరీ వాల్వు పెట్టి, ఎడమ చేత్తో తిప్పితే ఇంకో అర స్వరం దిగేలా చేశారు. ఇంత చేసినా కింది స్థాయిలో కొన్ని స్వరాలు పలికేవే కావు. అప్పుడు పాటని వాద్యాలకు పంచి రాసే అరేంజర్లు ఏం చేసేవారంటే, పై స్థాయిలో పలికే సొప్రానో బ్యూగుల్‌కి అందని స్వరాన్ని కింది స్థాయి బారిటోన్‌కి ఇచ్చి, ఒకే వరుసని రెండు మూడు రకాల బ్యూగుళ్ల మధ్య పంచేసేవారు. వినేవాళ్లకు ఒకే పాట, లోపల మాత్రం ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేస్తున్నారన్నమాట. ఈ పని చేసిన అరేంజర్లకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

దీనివల్ల జరిగిన అసలు మేలు వేరే ఉంది. స్వరాలు తక్కువ కాబట్టి నేర్చుకోవడం తొందరగా అయిపోతుంది. నొటేషన్ చదవడం రాకపోయినా ఫరవాలేదు, చాలా కోర్‌లలో పాఠం నోటితోనే, గురువు పాడి వినిపిస్తే పిల్లలు ఊదడమే. ఊళ్లోకి కోలాటం గురువు వచ్చి, ఎవరు వస్తే వాళ్లకు కర్రలు ఇచ్చి నాలుగు వారాల్లో గుడి ముందు ఆడించినట్టు, ఎవరొచ్చినా చేర్చుకునేవారు. తండ్రి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఇంట్లో పియానో లేదు, స్కూల్లో సంగీతం టీచర్ లేడు, అయినా పన్నెండేళ్ల పిల్లాడు వేసవి వచ్చేసరికి యూనిఫాం వేసుకుని పక్క రాష్ట్రంలో పోటీకి వెళ్తున్నాడు. పెదాలు సరిగ్గా కుదరకపోతే డ్రమ్ము, డ్రమ్ము కూడా రాకపోతే జెండా.

పోటీ ఎలా జరిగేదో వింటే ఇప్పటివాళ్లకు భయమేస్తుంది. ముందు ఇన్‌స్పెక్షన్. లీజియన్ వాళ్ల జడ్జీలు వరసల మధ్య నడుస్తూ బూట్ల మెరుపు, జుట్టు కటింగ్, గుండీలు చూసేవారు, అక్కడే మార్కులు పోయేవి. మైదానంలో ఒక పక్క గీత దగ్గర మొదలుపెట్టి, జాతీయ జెండాకి వందనం చేసే ఘట్టం కచ్చితంగా పెట్టి, మధ్యలో నిలబడి ఒక కచేరీ ముక్క వాయించి, టైము అయిపోయిందని తుపాకీ పేలేలోగా మిగిలింది ముగించుకోవాలి. ఇక టిక్ పద్ధతి. జడ్జీలు క్లిప్‌బోర్డులు పట్టుకుని మైదానం మీదికే వచ్చి, వాయిస్తున్న పిల్లల పక్కనే నడిచేవారు. ఒక కాలు తప్పు పడితే ఒక గీత, ఒక డ్రమ్ము దెబ్బ ముందు పడితే ఒక గీత, గీతకి పదో వంతు మార్కు కట్. పెన్సిల్ కదలడం పిల్లాడి కంటికి కనిపిస్తుంది! ఆ టెన్షన్‌లో పదిహేనేళ్లవాళ్లు మొహంలో ఏమీ కనపడనీయకుండా వాయించారంటే మెచ్చుకోవాలి. తర్వాతి రోజుల్లో పోటీలు నడిపిన డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్ (డీసీఐ) అనే సంస్థ ఈ పద్ధతిని 1984 నుంచి తీసేసింది. తీసేయడం మంచిదే, ఎందుకంటే తప్పులు లెక్కపెట్టే చోట కొత్తది ప్రయత్నించాలంటే ఎవరికీ ధైర్యం రాదు. కానీ ఆ రోజుల వాళ్లు ఈ టిక్‌ల గురించి చెప్పేటప్పుడు గొంతులో కనిపించే గర్వాన్ని కూడా అర్థం చేసుకోవాలి.

డబ్బు సంగతికొస్తే, చందా కోసం బింగో ఆట ఆడించే రాత్రులు, చాక్లెట్ల అమ్మకాలు, చర్చి హాల్లో భోజనాలు, లీజియన్ శాఖ ఇచ్చే చందా. యూనిఫాంలు చాలాచోట్ల అమ్మలే కుట్టేవారు. తండ్రులు సామాను లారీ నడిపేవారు. పిల్లాడు కట్టాల్సింది నామమాత్రం. పోటీలు కూడా ఎక్కువ దగ్గర్లోనే, శనివారం వెళ్లి ఆదివారం తిరిగొచ్చేవి. ఈశాన్య రాష్ట్రాల్లో వేసవిలో ఒక రాత్రి పోటీకి వెళ్లాలంటే ఒక గంట డ్రైవింగ్ దూరంలోనే ఏదో ఒకటి దొరికేది. అలా చూసిన పోటీ రికార్డు కావాలంటే మసాచుసెట్స్‌లో రెవీర్ అనే ఊరి నుంచి ఫ్లీట్‌వుడ్ రికార్డ్స్ వాళ్లు ఎల్పీలు తెచ్చేవారు. ఈ రోజు పాత మోత గురించి అంత పక్కాగా వాదించుకోగలుగుతున్నారంటే ఆ ఎల్పీలు లక్షణంగా మిగలబట్టే.

అయితే ఆ కాలం అందరికీ ఒకేలా ఉండేదని అనుకుంటే పొరపాటు. పేరున్న కోర్‌లు చాలావాటిలో అమ్మాయిలకు జెండా తప్ప వేరే అవకాశం లేదు, కొన్నింట్లో అదీ లేదు. అందుకే న్యూజెర్సీలో ఆడుబాన్ బాన్ బాన్స్ లాంటి పూర్తి అమ్మాయిల కోర్‌లు వచ్చాయి, బ్యూగుళ్లూ డ్రమ్ములూ అన్నీ వాళ్లే, జాతీయ పోటీల్లో వాళ్ల విభాగంలో వాళ్లే గెలిచారు. 1970లలో పెద్ద కోర్‌లు అమ్మాయిలను తీసుకోవడం మొదలుపెట్టాక ఈ అమ్మాయిల కోర్‌లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. న్యాయం జరిగింది, దానితోపాటే అమ్మాయిలే నడిపిన సంస్థలు పోయాయి. జ్ఞాపకాల్లో ఈ రెండో ముక్క చాలామంది వదిలేస్తారు.

ఇక 1971. పెద్ద కోర్‌ల డైరెక్టర్లకు లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూలతో పడడం లేదు. రూల్స్ పెట్టేది ఆ సంఘాలు, జడ్జీలను నియమించేదీ ఆ సంఘాలే, దేశం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చే బస్సు ఖర్చు మాత్రం కోర్‌ది. దాంతో మిడ్‌వెస్ట్, పశ్చిమం వైపు అయిదు కోర్‌లు, బ్లూ స్టార్స్, కావలియర్స్, మాడిసన్ స్కౌట్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్, ట్రూపర్స్, కలిసి ఒక జట్టు కట్టి, మాకు ఇంత ఇస్తేనే వస్తాం అన్నాయి. తూర్పున కూడా అలాంటిదే ఇంకో జట్టు. ఆ తిరుగుబాటులోంచే డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్ పుట్టింది. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగితే కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. జడ్జీల పద్ధతి, పోటీల షెడ్యూలు, ప్రదర్శనకి ఫీజు, అన్నీ ఇక కోర్‌ల చేతిలోనే.

దీని తర్వాత పదేళ్లూ ఈ కళకి స్వర్ణయుగం అంటే ఎవరూ కాదనరు. 1970ల మధ్య నుంచి ఫైనల్స్ పీబీఎస్ అనే అమెరికా టీవీ చానల్‌లో వచ్చేవి. న్యూజెర్సీ బయోన్ నుంచి బ్రిడ్జ్‌మెన్ పొడుగాటి పసుపు కోట్లు, వెడల్పు టోపీలు వేసుకుని వచ్చి సైనిక కవాతు గంభీరాన్ని పక్కన పెట్టి జనాన్ని నవ్వించారు. ఎల్పీల ఊరైన రెవీర్ నుంచే వచ్చిన 27వ లాన్సర్స్ 1980లో లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో వాయించారు. ఆ కోర్‌తో పనిచేసిన జార్జ్ జింగాలీ తర్వాత గార్ఫీల్డ్ కేడెట్స్‌కి వెళ్లి, మైదానం నడిమధ్య ఉండే యాభై గజాల గీతకి ఇటూ అటూ సమానంగా ఉండాలన్న పాత పద్ధతిని పూర్తిగా తోసేసి, వంపులు తిరుగుతూ, ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టే ఆకారాలు గీశాడు, అదీ పిల్లలు పరుగులాంటి నడకతో వాయిస్తూ ఉండగా. 1983, 84, 85 వరసగా మూడేళ్లు కేడెట్స్‌దే టైటిల్, డీసీఐలో అంతకుముందు ఎవరూ అలా గెలవలేదు. ఈ రోజు అమెరికాలో ఏ హైస్కూల్ బ్యాండు చూసినా ఆ గీతల వారసత్వం కనిపిస్తుంది.

కానీ ఈ స్వర్ణయుగంలోనే చిన్న కోర్‌లు చనిపోతూ వచ్చాయి, రెండూ ఒకే కారణం నుంచి. డీసీఐ ఫైనల్స్‌లో స్థానం పన్నెండుకే. ఆ పన్నెండులో ఉంటే ఫీజు, పేరు, సంస్థ నిర్ణయాల్లో ఓటు, పదమూడో స్థానంలో ఉంటే అప్పు. ఆ పన్నెండులోకి రావాలంటే వారాంతపు పోటీలు సరిపోవు, వేసవంతా దేశం మీద తిరగాలి, తిరగాలంటే బస్సులు, వంట లారీ, జీతం ఇచ్చి పెట్టుకునే శిక్షకులు కావాలి. సరిగ్గా అదే సమయంలో 1973లోనూ 1979లోనూ చమురు ధరలు పేలిపోయాయి. ఇంకోపక్క కోర్‌లను పోషించిన లీజియన్ తాతలు వయసైపోయారు, వియత్నాం యుద్ధం తర్వాత కుర్రకారుకు సైనిక యూనిఫాం అంటే మోజు పోయింది, నగరాల్లోని చర్చి పేటల నుంచి కుటుంబాలు సబర్బులకు వెళ్లిపోయాయి. అక్కడి పెద్ద హైస్కూళ్లలో మార్చింగ్ బ్యాండులు ఉన్నాయి, వాటికి శిక్షకులుగా వెళ్లింది కూడా కోర్‌ల నుంచి వచ్చినవాళ్లే. ఏ ఒక్కరూ కావాలని చంపలేదు. తిరుగుబాటు చేసిన డైరెక్టర్లు అడిగింది న్యాయమే, వాళ్లని తప్పు పట్టడం కుదరదు. కానీ పెద్ద కోర్‌లకు న్యాయం చేసిన పద్ధతి చిన్న కోర్‌లను లెక్కలోకి తీసుకోలేదన్నది కూడా అంతే నిజం. వందల్లో ఉన్న జూనియర్ కోర్‌లు ఇరవై ఏళ్లలో పదుల్లోకి వచ్చాయి. ఒలింపిక్స్‌లో వాయించిన 27వ లాన్సర్స్ కూడా 1986 తర్వాత నిలబడలేదు.

వాద్యం మారుతూ వచ్చిన తీరు దీనికి సమాంతరంగానే నడిచింది. 1977లో రెండు పిస్టన్ల బ్యూగుళ్లు, 1990లో మూడు వాల్వులు, 2000 నుంచి ఏ శ్రుతి ఇత్తడి వాద్యమైనా సరే అన్నారు, అంటే బ్యూగుల్ అన్నది పేరులో మాత్రమే మిగిలింది. 2004లో మైకులు, 2009లో ఎలక్ట్రానిక్స్. పెద్దవాళ్లు ఈ తేదీలను చావు తేదీల్లా చెబుతారు. జీ బ్యూగుల్‌ని వెనకేసుకురావడం అంత తేలిక కాదు, అవి శ్రుతికి నిలిచేవి కావు, కోర్‌లు తప్ప కొనేవాళ్లు లేక తయారీ ఖరీదైపోయింది, మామూలు ట్రంపెట్లయితే సీజన్ అయ్యాక స్కూళ్లకి అమ్ముకోవచ్చు. లెక్కలు చూస్తే మార్పు సరైనదే. కాకపోతే ప్రతి మార్పుతోనూ కోర్‌లో చేరడానికి ముందే రావలసిన విద్య పెరిగింది. మూడు వాల్వుల వాద్యం మీద ఆ స్థాయి సంగీతం వాయించాలంటే స్కూల్ బ్యాండులో ఏళ్లు గడిపి, ట్యూషన్లు పెట్టించుకుని రావాలి. అప్పుడిక వీధిలోంచి పిలవాల్సిన అవసరం లేదు, ఆడిషన్ పెడితే చాలు.

ఇప్పుడు అదే జరుగుతోంది. పెద్ద కోర్‌లో సీటు కోసం దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి కూడా వస్తారు, చాలామంది కాలేజీలో సంగీతం చదివేవాళ్లు. చలికాలం నుంచి వారాంతపు శిబిరాలు, మే నెలలో చేరితే ఆగస్టు దాకా రోజుకి పన్నెండు గంటల సాధన, స్కూలు జిమ్ నేల మీద నిద్ర, రాత్రుళ్లు బస్సులో ప్రయాణం. పిల్లాడు కట్టాల్సింది వేల డాలర్లు. వాళ్లు వాయించేది వింటే 1965 నాటి ఏ కోరూ దరిదాపుల్లోకి రాదు, ఇందులో అనుమానం ఏమీ లేదు. కానీ కోర్ పేరులో ఉన్న ఊరికీ అందులో ఉన్న పిల్లలకీ సంబంధం తెగిపోయింది. పాత రోజుల్లో స్టాండ్స్‌లో కూర్చున్న సగం మంది ఆ పిల్లల మేనత్తలు, మామయ్యలు, పక్కింటివాళ్లు. పాత మోతలో అంత బలం ఉన్నట్టు గుర్తుండడంలో దాని పాలు కూడా ఉంది.

జ్ఞాపకాలు దాచేసేవి ఇంకొన్ని కూడా ఉన్నాయి. అరుపులు, దెబ్బలు, ఎండలో నీళ్లివ్వకుండా చేయించిన సాధన, వీటిని క్రమశిక్షణ పేరుతో చెప్పుకునేవారు. పెద్దవాళ్ల చేతిలో పిల్లలను నెలల తరబడి పెట్టే చోట ఏం జరగవచ్చో అది కూడా జరిగింది. 2018లో లైంగిక వేధింపుల ఆరోపణలు పత్రికల్లోకి వచ్చాక డీసీఐ తన సభ్య కోర్‌ల మీద కొత్త నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. 1934లో చర్చిలో మొదలైన కేడెట్స్ 2024 జనవరిలో మూతపడింది, దానికి కోర్టు కేసు ఖర్చులు కూడా ఒక కారణం. శాంటా క్లారా వాన్‌గార్డ్ అంతటిది డబ్బు సమస్యతో 2023 సీజన్ మానుకుని తర్వాతి ఏడాది మళ్లీ మైదానంలోకి వచ్చింది. పెద్దవి కూడా క్షేమంగా లేవన్నమాట.

మన తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక తలుపు తెలియకుండానే తెరుచుకుని ఉంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన వాళ్ల పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండులో చేరితే, ఆగస్టు ఎండలో జరిగే బ్యాండ్ క్యాంపులో వాళ్లు నేర్చుకునే అడుగు, డ్రమ్‌లైన్ పద్ధతి, వంపు తిరిగే ఆకారాలు, చాలావరకు కోర్‌ల నుంచి వచ్చినవే. ఫీజు కట్టి, శనివారాలు పోటీలకు తిప్పి, నీళ్ల సీసాలు మోసే తల్లిదండ్రులు ఒకప్పుడు లీజియన్ హాల్లో బింగో నడిపిన తల్లిదండ్రుల పనే చేస్తున్నారు. తేడా ఏమిటంటే ఈ బ్యాండు ఉండేది ఆ స్కూలుకి డబ్బున్నంత కాలం, ఆ స్కూల్లో చదివే పిల్లలకి మాత్రమే.

పాతది ఏదైనా తిరిగి రావడానికి ఆస్కారం ఉందా అంటే, అది ఛాంపియన్‌షిప్‌లో కాదు, పక్కన జరుగుతున్న చిన్న పనుల్లో వెతకాలి. వయసు పరిమితి లేని కోర్‌లు, హాథోర్న్ కాబలేరోస్, రెడింగ్ బక్కనీర్స్ లాంటివి, వారాంతాల్లోనే సాధన చేసుకుంటూ దశాబ్దాలుగా నడుస్తున్నాయి, వాటిలో ఇరవై ఏళ్లవాడి పక్కన అరవై ఏళ్లవాడు వాయిస్తాడు. దేశమంతా తిరగకుండా చిన్న బృందాలు తమకు వచ్చిన వాద్యాలతో ఒక పూట ప్రదర్శన ఇవ్వడానికి డీసీఐ సౌండ్‌స్పోర్ట్ అనే విభాగం పెట్టింది, దాంట్లో వాద్యాల నిబంధనలు కూడా వదులు. పూర్వ సభ్యుల కోర్‌లు పాత జీ బ్యూగుళ్లకు మరమ్మతులు చేయించి మళ్లీ వాయిస్తున్నాయి, అది చూడ్డానికి బాగుంటుంది గానీ అక్కడ వాయించేది అంతకుముందు వాయించినవాళ్లే. సౌండ్‌స్పోర్ట్ లాంటి వాటికి డబ్బూ, ఊళ్లో ఒక హాలూ, జీతం తీసుకోకుండా నేర్పే ఇద్దరు పెద్దవాళ్లూ దొరికితే పన్నెండేళ్ల పిల్లాడు మళ్లీ ఏమీ రాకుండానే వచ్చి చేరగలడు. బ్యూగుల్ ఏ శ్రుతిలో ఉండాలన్న వాదనకి పెడుతున్న ఓపికలో కొంత పెద్దవాళ్లు ఇటు పెడితే బాగుండును, ఎందుకంటే ఆ పని ఎలా చేస్తారో చూసి ఎరిగినవాళ్లు ఇప్పుడు వాళ్లే.